మస్టాంగ్ మూత మీద 5డబ్ల్యూ-20, మెకానిక్ నోట్ల 20డబ్ల్యూ-50: నల్లగొండ ఎండకు ఏది పొయ్యాలె?

మిర్యాలగూడ_వీ8
హైదరాబాద్‌ల సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ తీసుకున్న. 2017 మోడల్, 5.0 లీటర్ వీ8. ఆయిల్ మార్చే టైం అయింది. బానెట్ లేపి చూస్తే ఆయిల్ మూత మీద 5డబ్ల్యూ-20 అని అచ్చు గుద్ది ఉన్నది. మా ఊరి మెకానిక్ అది చూసి నవ్విండు. "ఇది అమెరికా మంచుకు రాసిన లెక్క. మన ఎండకు నీళ్లయితది. 20డబ్ల్యూ-50 పొయ్యి, లేకుంటే బేరింగులు పోతయి" అన్నడు. స్పేర్ పార్ట్స్ షాపాయన ఇంకో మెట్టు ఎక్కిండు. రేసింగ్ బండి కాబట్టి 10డబ్ల్యూ-60 తప్ప ఏదీ ముట్టుకోవద్దట, లీటర్ ధర చెప్తే నాకు చెమట పట్టింది. బండి అమ్మినాయనేమో 5డబ్ల్యూ-30 పోసిన అంటుండు, బిల్లు మాత్రం లేదు. మే నెల వస్తుంది, మా దిక్కు 45 దాటుడు కొత్త కాదు. నేను పోయేది ఎక్కువ నార్కట్‌పల్లి మీదికెళ్లి హైదరాబాద్, అప్పుడప్పుడు శ్రీశైలం ఘాట్. ఎవరి మాట వినాలె?

పాలమూరు_పిల్లగాడు
మస్టాంగా? మిర్యాలగూడలనా? ముందు ఫోటో పెట్టు, ఆయిల్ సంగతి తర్వాత.

నట్టుబోల్టు
మెకానిక్ చెప్పిందే కరెక్ట్. మాకు రెండు ట్రాక్టర్లు, ఒక పాత అంబాసిడర్. ఎండకాలం వచ్చిందంటే చిక్కటి ఆయిల్, ఇది మా నాయన కాలం నుంచి ఉన్నదే. ఏ ఇంజినూ బోరుకు రాలె. 20 నంబర్ ఆయిల్ వేలు మీద వేసుకుంటే జారిపోతది, అది 400 గుర్రాల ఇంజిన్‌ను ఏం కాపాడుతది?

షాద్‌నగర్_ఆర్ఎస్
ట్రాక్టర్ లెక్క ట్రాక్టర్‌కే అన్నా. బయట ఎండ ఎంత కొడుతుందో, ఇంజిన్ కింద సంపుల ఉండే ఆయిల్ ఎంత వేడెక్కుతదో, ఆ రెండింటికి మనం అనుకున్నంత సంబంధం లేదు. నాది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, మీటర్‌లనే ఆయిల్ టెంపరేచర్ చూపిస్తది. నాకదొక పిచ్చి, రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూస్త అని మా ఇంటామె తిడ్తది. జనవరి పొద్దుగాల జడ్చర్ల దాటి భూత్పూర్ దాకా 100 స్పీడ్‌ల పోతే 98 చూపిస్తది. మే నెల మిట్టమధ్యాహ్నం, అదే రోడ్డు, అదే స్పీడు, బయట 43 ఉన్నప్పుడు 103. లోపల థర్మోస్టాట్ ఉన్నదే అందుకు. అదే బండి మన్ననూరు దాటినంక ఘాట్‌ల గట్టిగ తొక్కితే చలికాలంల కూడా 115 దాటింది. ఎండను వదిలెయ్యి తమ్మీ, నీ కుడికాలు ఎంత బరువుంటదో అది చెప్పు.

నట్టుబోల్టు
ఐదు డిగ్రీలే పెరిగిందంటే నమ్మబుద్ధి కాదు. ఎండల ఆపిన బండి బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, దోశ పొయ్యొచ్చు.

కోదాడ_కిరాక్
దోశకు ఏ గ్రేడ్ నూనె అన్నా?

మెకానికల్_మేడం
పాలిటెక్నిక్‌లో ఈ పాఠమే చెప్తాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

"ఎండకు నీళ్లవుతుంది" అన్నదాన్ని అంకెల్లో చూద్దాం. ఆయిల్ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. మామూలు 5డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 45 నుంచి 50 ఉంటుంది. అదే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎనిమిది, ఎనిమిదిన్నర. ఇంజిన్ తయారు చేసినవాళ్లు లెక్క కట్టింది ఈ ఎనిమిదికి. అంటే మే నెల మధ్యాహ్నం మిర్యాలగూడలో, నీడలో ఆపిన బండి స్టార్ట్ చేసినా, అందులో ఉన్న ఆ "పల్చటి" ఆయిల్ ఇంజిన్‌కు కావలసినదానికంటే ఐదారు రెట్లు చిక్కగానే ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే అదే 40 దగ్గర 150 కూడా దాటుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో మన ఊళ్లలో ఏ కాలమైనా ఇబ్బంది చిక్కదనంతోనే.

ఇక అంకెలు. డబ్ల్యూ ముందున్నది చలికి. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల దగ్గర ఇంజిన్ తిరగనిచ్చే పరీక్ష పాసయినట్టు, 0డబ్ల్యూ అయితే మైనస్ 35. మనకు పది పన్నెండు డిగ్రీలు వస్తేనే చలిమంటలు వేస్తాం, ఆ అంకె గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. వెనక ఉన్న అంకె 100 డిగ్రీల దగ్గరి కొలత. ఆయిల్ గ్రేడ్లకు ప్రమాణమైన ఎస్ఏఈ జే300 పట్టిక ప్రకారం 20 గ్రేడ్ అంటే 6.9 నుంచి 9.3 లోపు. 30 అంటే 12.5 లోపు, 40 అంటే 16.3 లోపు, 50 అంటే 21.9 లోపు. మీరు తేల్చుకోవలసింది ఈ రెండో అంకె గురించే.

మిర్యాలగూడ_వీ8
మేడం, సగం అర్థమైంది, సగం రేపు మల్ల చదువుత. నాకొక్కటి చెప్పండి. అంత పెద్ద ఇంజిన్‌కు కంపెనీ ఇంత పల్చటి ఆయిల్ ఎందుకు రాసింది?

దుబాయ్‌ల_జడ్చర్లోడు
పెట్రోల్ మిగలాలని. అమెరికాల ఒక్కో కంపెనీ అమ్మే బండ్లన్నిటి సగటు మైలేజీకి గవర్నమెంట్ లెక్క ఉంటది, తప్పితే 2025 దాకా జరిమానా కూడా ఉండేది. పల్చటి ఆయిల్ పోస్తే రాపిడి తగ్గి కొంచెం కలిసొస్తది. ఫోర్డ్, హోండా రెండూ 2001 మోడళ్ల ప్రాంతంలనే 5డబ్ల్యూ-20కి మళ్లినయి. అట్లని ఇంజిన్ పాడైతదని తెలిసి రాసినరని కాదు. మామూలు వాడకానికి అది సరిపోతది.

కానీ ఒక ముచ్చట చూడు. అదే 5.0 ఇంజిన్‌ను ఇంకా ముదిరిచ్చి 2012ల బాస్ 302 అనే మస్టాంగ్ తెచ్చినరు, ట్రాక్ మీద కొట్టేటోళ్ల కోసం. దానికి 5డబ్ల్యూ-50 రాసినరు. ఊరు మారలె, ఎండ మారలె, వాడకం మారింది.

నేను ఇక్కడ గ్యారేజీల పని చేస్త. బయట 48 ఉంటది. నిస్సాన్ జీటీ-ఆర్‌లు వస్తుంటయి, వాటికి కంపెనీ చెప్పేదే 0డబ్ల్యూ-40. ఎడారిల కూడా 20డబ్ల్యూ-50 పొయ్యమని ఒక్క షేక్ అడగలె.

నట్టుబోల్టు
5డబ్ల్యూ-50 అన్నవ్ కదా! చిక్కదే మంచిదని నువ్వే ఒప్పుకున్నవ్.

దుబాయ్‌ల_జడ్చర్లోడు
ట్రాక్ మీద అన్న అన్నా, ట్రాక్ మీద. షెవర్లే కార్వెట్ కారు పుస్తకంల రోడ్డుకు 5డబ్ల్యూ-30, ట్రాక్‌కు పోతే 15డబ్ల్యూ-50 పోసుకో అని ఉండేది, ఇంటికొచ్చినంక మల్ల మార్చుకోవాలె. 2019 నుంచి ఆ లొల్లి లేకుండ రెండింటికీ 0డబ్ల్యూ-40 చేసినరు. మిర్యాలగూడ బైపాస్ ట్రాక్ కాదు.

పాలమూరు_పిల్లగాడు
కాదంటే మా మామ ఒప్పుకోడు. ధాన్యం లారీల నడుమ ఆయన తిప్పే తిప్పుడు చూస్తే రేసులోళ్లు దండం పెడ్తరు. ఫోటో ఇంకా రాలె.

కోదాడ_కిరాక్
షాపాయన చెప్పిన 10డబ్ల్యూ-60 సంగతి ఎవ్వరు అందుకోలె. 60 అంటే 50 కంటే పెద్దది కదా, ఇంకా మంచిది కావాలె 😄

దుబాయ్‌ల_జడ్చర్లోడు
10డబ్ల్యూ-60 నిజంగనే కొన్ని బండ్లకు రాసి ఉంటది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3, ఈ92 ఎం3 పుస్తకాలల్ల అదే ఉంటది. ఆ ఇంజిన్లు 8000 ఆర్‌పీఎం దాకా గుంజేటివి, వాటిని దానికోసమే కట్టినరు. 20 కోసం కట్టినదాంట్ల 60 పోస్తే ఆయిల్ పంపు మీద బరువు, మైలేజీ పాయె, పైసలు పాయె. షాపాయన దగ్గర ఆ డబ్బా ఎప్పటినుంచో దుమ్ము పట్టి ఉన్నట్టుంది.

దేవరకొండ_హ్యాచ్
చిక్కటి ఆయిల్ వల్ల ఏమైతదో నాకు తెలుసు. నాది టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఒక షెడ్‌ల సర్వీసింగ్‌కు ఇస్తే అడగకుంటనే 20డబ్ల్యూ-50 పోసి పంపిన్రు. పొద్దున స్టార్ట్ చేయంగనే పైనుంచి టకటకటక, మూడు నాలుగు సెకన్లు పెద్ద చప్పుడు, తర్వాత మెల్లగ తగ్గుతది. కొన్నొద్దులకు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే క్యామ్ టైమింగ్ కోడ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయం తప్పిందని. సెన్సర్ మార్చాలె, సోలెనాయిడ్ మార్చాలె అని వేలల్ల లెక్క చెప్పిన్రు. వేరే దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి పుస్తకంల ఉన్న 5డబ్ల్యూ-30 పోస్తే లైట్ మల్ల రాలె.

మెకానికల్_మేడం
దేవరకొండ_హ్యాచ్ గారు చెప్పింది బాగా గమనించండి. అంబాసిడర్ ఇంజిన్‌లో ఆయిల్ పని ముఖ్యంగా రాపిడి తగ్గించడమే. ఇప్పటి ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఫేజర్లు, చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్, ట్యాపెట్లు, అన్నిటి పనీ ఆయిల్ మీదే ఆధారపడి ఉంటుంది. సన్నటి దారుల్లోంచి, జల్లెడల్లోంచి ఆయిల్ సమయానికి అందాలి. మస్టాంగ్‌లో నాలుగు క్యామ్‌షాఫ్టులు ఉన్నాయి, నాలుగింటికీ ఫేజర్లు ఉన్నాయి.

ఇంకొక అంకె ఉంది, డబ్బా ముందువైపు రాయరు. హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల దగ్గర, బేరింగ్‌లో నలిగినట్టే నలిపి కొలిచే చిక్కదనం. 20 గ్రేడ్‌కు కనీసం 2.6 ఉండాలి, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5. గట్టిగా తొక్కినప్పుడు బేరింగ్‌ను కాపాడేది ఇది. ఒక చిక్కు ఏమిటంటే, 5డబ్ల్యూ-30 అని రాసిన డబ్బాలన్నీ ఒకటి కావు. యూరప్ కార్ల కంపెనీల ప్రమాణం ఏసీఈఏ ఏ5/బీ5 అని ఉంటే 2.9కి 3.5కి మధ్య. ఏ3/బీ4 అని ఉంటే 3.5 లేదా పైన. గ్రేడ్ ఒకటే, లోపలి సరుకు వేరు.

షాద్‌నగర్_ఆర్ఎస్
అందుకే నేను గ్రేడ్ చూసి కొనుడు మానేసిన. డబ్బా వెనక్కి తిప్పి ఫోక్స్‌వ్యాగన్ 502 గానీ 504 గానీ ఆమోదం ఉందా అని చూస్త. ఉంటే తీసుకుంట. షాపోళ్లు మాత్రం "ఫుల్ సింథటిక్ సార్, ఫుల్ సింథటిక్" అని ముందువైపే చూపిస్తరు.

నట్టుబోల్టు
ఇంత చదువు మా మెకానిక్ చదివితే బండి ఎప్పుడు బాగు చేస్తడు?

మిర్యాలగూడ_వీ8
ఇంకో అనుమానం. హైవే మీద సరే. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర ఏసీ వేసుకొని గంట సేపు క్యూల నిలబడితే? గాలి తగలదు, ఇంజిన్ ఆగదు. అప్పుడు 20 నంబర్ ఆయిల్ పరిస్థితి ఏంది?

డిండి_దారి
దీనికి నేను చెప్త. నేను జూబ్లీహిల్స్‌ల ఒక సార్ దగ్గర డ్రైవర్‌ను, ఆయనది గూడ మస్టాంగే. శ్రీశైలం తీసుకపోయేది నేనే, మా ఊరి మీదికెళ్లే కదా దారి. 5డబ్ల్యూ-20 ఉన్నప్పుడు ట్రాఫిక్‌ల చాలాసేపు ఆగితే ఆయిల్ ప్రెషర్ కిందికి దిగేది, లైట్ మాత్రం ఎప్పుడూ వెలగలె. 5డబ్ల్యూ-30 పోసినంక అదే ట్రాఫిక్‌ల కొంచెం పైన నిలబడుతుంది. పికప్‌ల తేడా తెలియలె. పెట్రోల్ తేడా సార్ ఎప్పుడూ అడగలె, నేనూ చెప్పలె.

మెకానికల్_మేడం
ప్రెషర్ పైన కనిపిస్తే రక్షణ పెరిగిందని సంబరపడకండి. ఆయిల్ పోయే దారిలో అడ్డు ఎక్కువైనా ప్రెషర్ పెరుగుతుంది.

డిండి_దారి
మేడం, బీపీ ఎక్కువైనా తక్కువైనా డాక్టర్ కాడికే పోతం, ఆ మాట ఒప్పుకుంట. కానీ ఆగి ఉన్నప్పుడు మరీ కిందికి పోతే నడిపేటోనికి గుండె ఝల్లుమంటది. మీ పట్టికల దానికి గడి లేదు.

మెకానికల్_మేడం
గడి లేదు, నిజమే 🙂 ఆ మాటకొస్తే వేడెక్కి ఆగి ఉన్న ఇంజిన్ గురించి మీరు చెప్పింది న్యాయమైన కారణమే. 20 నుంచి 30కి ఒక్క మెట్టు ఎక్కితే తప్పుపట్టను. 50కి ఎగిరితే మాత్రం ఒప్పుకోను.

దుబాయ్‌ల_జడ్చర్లోడు
నాది వేరే మాట. మూత మీద ఏది ఉంటే అదే పొయ్యాలె. కంపెనీ ఇంజినీర్ల కంటే మనం ఎక్కువ చదివినమా? 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 పోసుకున్న చిన్న మారుతిలు మన ఊళ్లల్ల రోజంతా ఎండకు టాక్సీలు కొడుతున్నయి, ఏదీ కరిగిపోలె.

షాద్‌నగర్_ఆర్ఎస్
చిన్న మారుతిని ఘాట్‌ల ఎవరూ ఆరువేల ఆర్‌పీఎం దాకా గుంజరు భయ్. నువ్వే పైన రాసినవ్ కదా, మైలేజీ కోసం పల్చన చేసినరని. బండి నడిపే మనకు ఆ జరిమానా లేదు. వాడు కొంచెం పెట్రోల్ కోసం తగ్గిస్తే, మనం ఆ కొంచెం ఇచ్చి రక్షణకు ఇంత జాగ కొనుక్కుంటం.

దుబాయ్‌ల_జడ్చర్లోడు
వారంటీ ఉన్న బండైతే ఆ జాగ జేబుకు పెద్ద చిల్లు పెడ్తది. ఈయనది పాతది కాబట్టి ఊకుంటున్న.

నాగర్‌కర్నూల్_నాగన్న
ఇన్ని అంకెలు ఎందుకు? నల్లగొండ, పాలమూరు చెల్కలల్ల ఆముదాలకు కొదువనా? గానుగ ఆడిచ్చి పొయ్యిరి.

మెకానికల్_మేడం
నాగన్న గారు నవ్వులాటకు అన్నా, పాతకాలం రేసు కార్లలో ఆముదమే పోసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజిన్ల విమానాలకూ అదే. ఆముదం పెట్రోల్‌లో అంత తేలిగ్గా కలవదు, వేడికి కూడా లోహాన్ని పట్టుకొని ఉంటుంది. ఇంజిన్‌లోంచి చిమ్మిన ఆముదం పైలట్ల నోట్లోకి పోయి కడుపు కదిలేదని చెప్తారు. కాకపోతే నిలవ ఉంటే జిగురు కడుతుంది, లోపలంతా బంక పడుతుంది. అందుకే వదిలేశారు.

కోదాడ_కిరాక్
రోజూ పొద్దున ఇంజిన్‌కూ విరేచనాలే అన్నమాట.

నాగర్‌కర్నూల్_నాగన్న
మా పాలెం పరిశోధన కేంద్రంల ఆముదం మీద పని చేస్తరు, బంక కట్టని రకం అడుగుత ఆగుర్రి.

దేవరకొండ_హ్యాచ్
నాది టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోల్ నేరుగ సిలిండర్ లోపలికే చిమ్మే రకం. మస్టాంగ్‌కు చెప్పిందే నాకూ వర్తిస్తదా? ఇంటి నుంచి ఆఫీస్ మూడు కిలోమీటర్లే.

షాద్‌నగర్_ఆర్ఎస్
నీకు ఇంకో రెండు బాధలు ఎక్కువ. డైరెక్ట్ ఇంజెక్షన్‌ల ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తుంటే పెట్రోల్ జారి ఆయిల్‌ల కలుస్తది, 30 పోసినా నడుస్తుంటే 20 లెక్కకు దిగుతది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు, పెట్రోల్ కొడ్తే మార్చే గడువు ముందుకు జరుపు. వారానికి ఒకసారి కల్వకుర్తి దాకనైనా పోయి రా, వేడికి ఆ పెట్రోల్ చాలావరకు ఎగిరిపోతది. రెండోది, తక్కువ ఆర్‌పీఎంల గట్టిగ తొక్కితే టర్బో ఇంజిన్లల్ల మంట ముందే అంటుకొని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంటది. దానికి తట్టుకునే పరీక్ష 2020ల వచ్చిన అమెరికా ప్రమాణం ఏపీఐ ఎస్‌పీల ఉన్నది. డబ్బా మీద ఎస్‌పీ ఉందా చూసుకో. మస్టాంగ్ తమ్మునికి ఈ భయం లేదు, 2017ది పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ సిలిండర్ బయటే గాలిల కలుస్తది), 2018 నుంచే దానికి రెండు రకాల ఇంజెక్టర్లు కలిపినరు.

మిర్యాలగూడ_వీ8
డిసైడ్ అయిన. 5డబ్ల్యూ-30, ఫుల్ సింథటిక్, ఏపీఐ ఎస్‌పీ. ఎన్ని లీటర్లు పడతది? మెకానిక్ నాలుగున్నర అంటుండు.

డిండి_దారి
నాలుగున్నర ఎక్కడికి సరిపోతది! ఫిల్టర్‌తో కలిపి 7.6 లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బాలు రెండు తీసుకో, మిగిలింది టాపప్‌కు. ముందు ఏడు పోసి, స్టార్ట్ చేసి ఆపి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి మిగిలింది పొయ్యి. పై గీత దాటనియ్యకు. ర్యాంప్ మీదికి ఎక్కించేటప్పుడు ముందు బంపర్ తగులుతది, మేము రెండు చెక్క పలకలు వేసి ఎక్కిస్తం.

షాద్‌నగర్_ఆర్ఎస్
లోపల ఇప్పుడు ఏముందో తెలియదు కదా, దింపినప్పుడు నడుమ ధారల ఒక చిన్న సీసా పట్టి ల్యాబ్‌కు పంపు. 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగ ఉన్నదో, ఇనుము, రాగి ఎంత కలిసినయో చెప్తరు. అమ్మినాయన పోసింది నిజంగ 30నా కాదా అప్పుడు తేలుతది.

పాలమూరు_పిల్లగాడు
సీల్ చూసి కొను. పాత డబ్బాలల్ల వేరేది నింపి అమ్ముతున్నరు. మన ఖాళీ డబ్బాలకు మేకు కొట్టి పడేయాలె. ఫోటో అడిగి అడిగి నా గొంతు ఎండింది.

మిర్యాలగూడ_వీ8
ఫోటో పెట్టిన, చూసుకో. ఆయిల్ మార్పిచ్చిన, సీసా ల్యాబ్‌కు పంపిన. మెకానిక్ మూతి ముడుచుకొనే చేసిండు, ఏడో లీటర్ పోసేటప్పుడు మాత్రం "ఇది బండా, బోరుబావా" అన్నడు. పొద్దున స్టార్టింగ్ మంచిగున్నది. నల్లగొండ దాకా పోయొచ్చిన, చప్పుడు ఏం లేదు.

నట్టుబోల్టు
ఇది మార్చి. మే నెల రానియ్, అప్పుడు మాట్లాడుదం.

షాద్‌నగర్_ఆర్ఎస్
మే నెల నా మీటర్ ఫోటో నీకే పంపుత అన్నా.

నాగర్‌కర్నూల్_నాగన్న
దింపిన నల్ల ఆయిల్ ఏం చేసినవ్ తమ్మీ? మా కొట్టంల దూలాలకు చెద పట్టింది, ఒక రెండు లీటర్లు ఉంటే పంపియ్.

మిర్యాలగూడ_వీ8
మెకానిక్ అప్పుడే క్యాన్‌ల పట్టి పక్కకు పెట్టుకున్నడు. ఆయన ఇంటి తలుపులకట.